సున్నా వడ్డీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డు: 30 నెలలదా, 21 నెలలదా?

కోవెంట్రీ_ఖమ్మం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. 2022లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద యూకే వచ్చాను, ఇప్పుడు కోవెంట్రీలో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప.

మొన్న వీసా పొడిగించుకున్నప్పుడు కంపెనీ నా ఒక్కడి ఖర్చే పెట్టుకుంది. మా ఆవిడదీ పాపదీ నేనే కట్టుకోవాలి. ఐహెచ్‌ఎస్ (వీసాతోపాటు కట్టే ఆరోగ్య రుసుం) గురించి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. ఎన్నేళ్ళ వీసా అయితే అన్నేళ్ళదీ ముందే ఒక్కసారిగా కట్టాలి. మూడేళ్ళకి ఆవిడకి 3,105, పాపకి 2,328, వెరసి 5,433. దాచుకున్న డబ్బు వీసా ఫీజులకీ ఇందులో కొంచానికీ సరిపోయింది. మిగతాదంతా రెండు క్రెడిట్ కార్డుల మీద గీకేశాను.

ఇప్పుడు ఒక కార్డు మీద 3,600 ఉంది, 24.9% ఏపీఆర్ (ఏడాది వడ్డీ రేటు). రెండోదాని మీద 1,200, అది 29.9%. రెంటికీ కలిపి నెలకి 150 కడుతున్నాను. ఐదు నెలలయ్యాక నిన్న రాత్రి లెక్క చూసుకుంటే 750 పోశాను, అప్పు మూడొందలు కూడా తగ్గలేదు. నిద్ర పట్టలేదు.

ఆఫీసులో ఒకాయన బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డు తీసుకో, పాత కార్డుల అప్పు దాని మీదకి మార్చుకుంటే కొన్ని నెలలు వడ్డీ సున్నా అన్నాడు. నాకు ఏ కార్డులు వచ్చే అవకాశముందో చూపించే ఆన్‌లైన్ ఎలిజిబిలిటీ చెకర్‌లో చూస్తే మూడు వచ్చాయి. ఒకటి ‘30 నెలల దాకా’ సున్నా వడ్డీ, ట్రాన్స్‌ఫర్ ఫీజు 3.45%. రెండోది 21 నెలలు, ఫీజు 1.5%. మూడోది 12 నెలలు, ఫీజే లేదు. ఎక్కువ నెలలున్నదే మంచిది కదా? మూడింటికీ అప్లై చేసి ఏది వస్తే అది తీసుకోవచ్చా? ఖర్చులు తగ్గించుకుంటే నెలకి 200 కట్టగలను.

నాన్నకి చెప్తే ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపనా అంటున్నారు. అదీ ఆలోచిస్తున్నాను.

ఈస్ట్‌హామ్_అన్న

తమ్మీ, గీ కార్డుల లొల్లి ఎందుకు? మా ఈస్ట్ హామ్ దిక్కు మనోళ్ళ చీటి నడుస్తది. ఇరవై మంది, నెలకు 250. వచ్చే నెల నువ్వు ఎత్తుకో, ఒక్క దెబ్బకు అప్పు కట్టెయ్యి. క్రెడిట్ చెక్ లేదు, ఫీజు లేదు. కావాలంటే మెసేజ్ పెట్టు.

తెనాలి_అక్క_స్లౌ

తమ్ముడూ, ముందు నీ కార్డుల వడ్డీని మన ఊరి లెక్కలోకి మార్చి చెప్తాను. 24.9% అంటే నూటికి నెలకి రూపాయి ఎనభై ఏడు పైసల వడ్డీ. 29.9% అంటే రెండు రూపాయల ఇరవై పైసలు. 3,600 మీద నెలకి 67 పౌండ్లు, 1,200 మీద 26. నువ్వు కట్టే 150లో 93 వడ్డీకే పోతోంది. అసలులోకి చేరేది 57. అందుకే నీకు నిద్ర పట్టట్లేదు.

మీ నాన్నగారు తెస్తానంటున్న రెండు రూపాయల వడ్డీ నీ పెద్ద కార్డు కంటే ఎక్కువే. పైగా ప్రామిసరీ నోటు ఆయన పేరు మీద ఉంటుంది, ఊళ్ళో అడిగేవాళ్ళు ఆయన్ని అడుగుతారు. ఆయనకి దండం పెట్టి వద్దని చెప్పు.

అన్నగారి చీటీ సంగతి. అన్నా, ఏమీ అనుకోకండి, మా అమ్మ తెనాలిలో ఇరవై ఏళ్ళు చీటీలు వేసింది, నాకు ఆ పాట తెలుసు. ఐదు వేల చీటీ మొదట్లోనే పాడుకుంటే చేతికి ఐదు వేలు రావు. అవసరం ఉన్నవాడు ఎంత తోసుకుంటే అంత పోతుంది. ఏడెనిమిది వందలు పాటలో వదులుకుంటే అది వడ్డీ కాక మరేంటి? నడిపేవాడు నెల తిరిగేసరికి ఫోన్ ఎత్తకపోతే ఈ దేశంలో ఎవరికి చెప్పుకుంటాం?

ఇక కార్డులు. వడ్డీ సున్నా అన్నది నిజమే, ఊరికే మాత్రం కాదు. ఆ ఫీజు ముందే నీ అప్పులో కలిపేస్తారు. 4,800కి 3.45% అంటే 165 పౌండ్ల 60 పెన్నీలు. 1.5% అయితే 72. గడువులోపు తీరాలంటే 30 నెలలదానికి నెలకి 166, 21 నెలలదానికి 232, ఫీజు లేని 12 నెలలదానికి 400 కట్టాలి. నాలుగొందలు నీ వల్ల కాదు కాబట్టి మూడోది వదిలెయ్.

200 కట్టగలనన్నావు. 21 నెలలదానికి అది చాలదు కాబట్టి 30 నెలలదే నయం అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకునేదాన్ని. కాగితం మీద వేసి చూడు. 21 నెలల్లో 4,200 కడతావు, 672 మిగులుతుంది. దాని మీద 24.9% మొదలవుతుంది అనుకుందాం. అదే 200 కడుతూ పోతే నాలుగో నెలకి తీరిపోతుంది. ఆ నాలుగు నెలల వడ్డీ మొత్తం 29 పౌండ్లు. 72, 29 కలిపితే 101. అటు 30 నెలలదానికి మొదటి రోజే 165 పైన పోయింది. గడువు దాటిపోయినా పొట్టి కార్డే నీకు చౌక. కానీ ఉద్యోగం ఊగుతోందనో, ఇంకో పాపో బాబో వస్తున్నారనో ఉంటే, నెలకి 170 దాటి గ్యారంటీ ఇవ్వలేనంటే 30 నెలలది తీసుకో. ఆ అరవై నాలుగు పౌండ్లు ధైర్యానికి కట్టిన రుసుం అనుకో, తప్పులేదు. దాంట్లో ‘దాకా’ అన్న మాట ఉంది చూశావా? అప్లై చేశాక నీ ఫైలు చూసి 18 నెలలే ఇస్తామన్నా ఇవ్వొచ్చు. 21 నెలలదానికి ఆ మాట లేకపోతే అది ఇంకో లాభం.

ఇప్పుడు నా కథ, నవ్వుకో. 2019లో నాకు 6,200 అప్పు ఉండేది. 24 నెలల సున్నా వడ్డీ కార్డు దొరికింది, పండగ చేసుకున్నాం. అప్పంతా కొత్త కార్డు మీదకి వెళ్ళింది. పాత కార్డు ఖాళీ అయింది, లిమిట్ మొత్తం నిగనిగలాడుతూ కనపడింది. మూడు వారాలకి ఆ కార్డు మీద సోఫా కొన్నాను. ఎల్ ఆకారంది. స్లౌలో మా ముందుగదిలో అది పట్టక తలుపు సగమే తెరుచుకునేది. అలా పాత అప్పు పాతచోటే మళ్ళీ మొలిచింది. అప్పుడు మా ఆయన ఆ కార్డు నా చేతికి అందకుండా ఉండాలని కందిపప్పు డబ్బా అడుగున పాతిపెట్టాడు. మా ఇంట్లో రోజూ పప్పే. పది రోజుల్లో గరిటెకి తగిలింది.

అంతటితో ఆగలేదు. ఏడో నెలలో జీతం పడే బ్యాంకు మార్చాను. డైరెక్ట్ డెబిట్లన్నీ (నెలనెలా ఖాతాలోంచి తీసుకునే చెల్లింపులు) వాటంతటవే మారిపోతాయనుకున్నాను, ఈ ఒక్కటి తప్పిపోయింది. ఒక్క నెల కట్టలేదు. 12 పౌండ్లు ఆలస్య రుసుం వేశారు, దాంతోపాటు సున్నా వడ్డీ ఆఫర్ కూడా తీసేశారు. ఫోన్ చేసి బతిమాలితే 12 వెనక్కిచ్చారు, ఆఫర్ ఇవ్వలేదు. నిబంధనల్లో రాసే ఉంది, నేనే చదవలేదు.

కాబట్టి కార్డు వచ్చిన రోజే డైరెక్ట్ డెబిట్ పెట్టు. ‘మినిమం’ అని కాదు, ‘ఫిక్స్‌డ్ అమౌంట్’ అని నొక్కి నువ్వు అనుకున్న మొత్తం వెయ్. జీతం పడిన రెండో రోజుకి తేదీ పెట్టుకో. కొత్త కార్డుతో పాల ప్యాకెట్ కూడా కొనకు. సున్నా వడ్డీ తెచ్చుకున్న అప్పుకే, కొత్తగా గీకినదానికి కాదు. ఏటీఎంలో దాన్ని పెట్టనే పెట్టకు. ట్రాన్స్‌ఫర్ కూడా 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో అడగాలని రాస్తారు, ఆ గడువు దాటితే మామూలు వడ్డీయే.

డబ్బు అవతల చేరిందని కళ్ళతో చూసేదాకా పాత కార్డుల డైరెక్ట్ డెబిట్లు ఆపకు. చేరాక కూడా ఇంకో స్టేట్‌మెంట్ వస్తుంది, కంగారుపడకు. స్టేట్‌మెంట్ తేదీకీ డబ్బు చేరిన రోజుకీ మధ్య నడిచిన వడ్డీ అది. నాకు 11 పౌండ్ల 40 పెన్నీలు వచ్చింది, మోసం అనుకుని అరగంట పోట్లాడాను.

ఇంకో మాట. కొత్త కార్డు, పాత కార్డు ఒకే గ్రూపువి అయితే ట్రాన్స్‌ఫర్ ఒప్పుకోకపోవచ్చు. నాట్‌వెస్ట్, ఆర్‌బీఎస్ ఒకే ఇంటివి. లాయిడ్స్, హాలిఫాక్స్ అంతే. పేర్లు వేరైనా ఇంటిపేరు ఒకటే అన్నమాట. అప్లై చేసేముందే చూసుకో.

మూడింటికీ ఒకేసారి అప్లై చెయ్యొద్దు. చెకర్‌లో చూడటం సాఫ్ట్ సెర్చ్, అది నీకు తప్ప అప్పిచ్చేవాళ్ళకి కనపడదు. అప్లై చేస్తే పడేది హార్డ్ సెర్చ్, అది కనపడుతుంది. వారంలో మూడు పడితే వీడికి ఎక్కడో నిప్పంటుకుందనుకుంటారు.

చివరిగా, ఓటరు జాబితాలో ఉన్నావా? మనం ఇండియన్ పాస్‌పోర్టువాళ్ళం కదా, మనకేం ఓటు అంటారు చాలామంది. ఇండియా కామన్వెల్త్ దేశం. వీసా మీద ఇక్కడ ఉంటున్న మనకీ ఓటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకో. అప్పిచ్చేవాళ్ళు నీ అడ్రసు సరిచూసుకునేది ఆ జాబితాలోనే. నాకిది ఆరేళ్ళకి తెలిసింది.

బెజవాడ_బుజ్జి

ఇండియా నుంచి చదువుతున్నా, కడుపు మండిపోతోంది. 21 నెలలు సున్నా వడ్డీయా! మాకిక్కడ చాలా కార్డుల మీద మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18% జీఎస్టీ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అని ఫోన్లు వస్తాయి గానీ చాలావరకు అది వడ్డీతో ఈఎంఐ. ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది, టీవీలూ ఫోన్లూ ఈఎంఐకి అమ్మేవాళ్ళ గురించి. మీ అక్కగారు ఫీజు లెక్క వేసిన తీరు చూస్తే అదే గుర్తొచ్చింది.

రెడింగ్_రాజు

మార్ట్‌గేజ్ అడ్వైజర్‌ దగ్గర పనిచేస్తాను, రోజూ ఇలాంటి ఫైళ్ళే. అక్క చెప్పినదానికి రెండు కలుపుతా.

పద్దెనిమిది నెలలపాటు అసలు కంటే వడ్డీ, ఛార్జీలే ఎక్కువ కట్టినవాళ్ళని ‘పర్సిస్టెంట్ డెట్’ కింద లెక్కేస్తారు. 2018 నుంచి ఎఫ్‌సీఏ (ఇక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ) నిబంధన ఇది. అప్పుడు కార్డు కంపెనీయే నీకు ఉత్తరం రాయాలి. అలాగే 36 నెలలు నడిస్తే తీర్చే దారి చూపించాలి, ఆ మాట వినకపోతే కార్డు ఆపెయ్యొచ్చు. నెలకి 93 వడ్డీకి, 57 అసలుకి అంటే నువ్వు అచ్చం ఆ దారిలోనే ఉన్నావు. ఐదో నెలలోనే లెక్క చూసుకోవడం మంచిదైంది.

రెండోది పేరు. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్, మూడింట్లోనూ నీ రిపోర్టు తీసి పేరు ఎలా ఉందో చూడు. మనవాళ్ళకి ఇదో తలనొప్పి. పాస్‌పోర్టులో వెంకట నాగ సత్య అని రైలంత పేరు ఉంటుంది, కార్డు మీద సగం పడుతుంది. ఒక బ్యాంకులో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. మనిషి ఒకడే, ఫైళ్ళు రెండు. మంచి చరిత్రంతా ఒకదాంట్లో ఉంటుంది, అప్పిచ్చేవాడు రెండోది తెరుస్తాడు.

కార్డు ఎవరూ ఇవ్వకపోతే డబ్బులు తీసుకుని అప్పు తీరుస్తామనే కంపెనీల జోలికి పోకు. స్టెప్‌చేంజ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, నేషనల్ డెట్‌లైన్ ఉంది. రెండూ ఉచితమే.

కోవెంట్రీ_ఖమ్మం

అక్కా, మా ఆవిడకి మీ సోఫా కథ చదివి వినిపించాను. నవ్వి, మనది టీవీ అంది. నిజమే, వీసా గొడవలో ఉండగా 55 అంగుళాల టీవీ కూడా ఆ 1,200లోనే ఉంది. ప్రశ్నలో రాయలేదు, సిగ్గేసింది.

ఇద్దరం కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు తీశాం. రెండు ఓటీటీలు, జనవరి నుంచి వెళ్ళని జిమ్, ఆదివారం బయటి బిర్యానీ తీసేస్తే 240 దాకా కట్టొచ్చు. బిర్యానీ దగ్గర కాస్త గొడవైంది. నెలకి ఒకసారికి రాజీపడ్డాం.

రాజు గారూ, మీరు చెప్పినట్టే అయింది. ఒక రిపోర్టులో నా పేరు సగానికి తెగి ఉంది, అడ్రసు పాత ఇంటిది. సరిచెయ్యమని రాశాను. అన్నా, చీటీ వద్దులే, థ్యాంక్స్.

ఈస్ట్‌హామ్_అన్న

సరే తమ్మీ, నీ ఇష్టం. అక్క లెక్క గట్టిదే.

కోవెంట్రీ_ఖమ్మం

నాలుగు వారాల తర్వాత రాస్తున్నా. 21 నెలలదానికే అప్లై చేశాను, వచ్చింది. లిమిట్ మాత్రం 4,200 ఇచ్చారు. అందులో 95% దాకానే ట్రాన్స్‌ఫర్ చెయ్యొచ్చట, ఫీజు కూడా అందులోనే పట్టాలి. 29.9% కార్డులోని 1,200 మొత్తం పంపేశాను. పెద్ద కార్డు నుంచి 2,700 పంపాను. ఫీజు 58.50. అంటే కొత్త కార్డు మీద 3,958.50, పాత పెద్ద కార్డు మీద 900 మిగిలాయి. ఇప్పుడు 240ని ఎలా పంచాలి? చెరి సగమా?

తెనాలి_అక్క_స్లౌ

సగం సగం కాదు. మండేది ఆ తొమ్మిదొందలు, దాని మీద నీళ్ళు పొయ్యి. కొత్త కార్డుకి మినిమం ఎంతో చూడు, నలభై దగ్గర ఉంటుందనుకుంటున్నా. అది డైరెక్ట్ డెబిట్‌లో వెయ్. మిగిలిన 200 పాత కార్డుకి కట్టు. మొదటి నెల 17 వడ్డీ పడుతుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. ఐదో నెలలో 149 కడితే అది పూర్తిగా అయిపోతుంది. ఆ నెల మిగిలిన 91 ఇటు వెయ్. అప్పటికి కొత్త కార్డు మీద 3,707 పైన ఉంటుంది, 16 నెలలు ఉంటాయి. నెలకి 232. నీ 240లో సరిపోతుంది, ఎనిమిది పౌండ్లు మిగులుతాయి కూడా. ఆరో నెలలో డైరెక్ట్ డెబిట్ మొత్తం మార్చడం మాత్రం మర్చిపోకు. ఇప్పుడే ఫోన్లో అలారం పెట్టుకో, నా మాట విని.

ఖాళీ అయిన 1,200 కార్డు మూసేశావా? ఓటరు నమోదు సంగతి కూడా చెప్పలేదు.

కోవెంట్రీ_ఖమ్మం

ఓటు నమోదైంది అక్కా, కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆవిడది కూడా. కార్డు రేపు ఫోన్ చేసి మూయించేస్తాను. అప్పటిదాకా మా ఆవిడ దాచింది, ఎక్కడో చెప్పట్లేదు. కందిపప్పు డబ్బాలో చూశాను, లేదు.